మట్టిల్లు కట్టి మూడేండ్లు, ఇప్పుడు ఎలుకలే ఓనర్లు: గోడల బొక్కలకు ఏం చేయాలె?

శంకర్‌పల్లి_వారాంతం
శంకర్‌పల్లి దాటినంక మాకు 20 గుంటల జాగ ఉంది. మూడేండ్ల కింద అండ్ల రెండర్రల మట్టిల్లు కట్టినం. 18 అంగుళాల గోడ. ఎర్రమట్టి, ఇసుక, వరిగడ్డి తొక్కించి ముద్దలు పేర్చి లేపింది. పైన పాత ఇండ్లు కూలగొట్టిన కాడ కొన్న గూన పెంకులు. మే నెలల గూడ పగలు ఫ్యాన్ లేకుండ కూర్చోవచ్చు. చూసినోళ్లంత ఫొటోలు దిగి పోయిన్రు.

ఇప్పుడు కథ వేరే ఉంది. పోయిన వానకాలం నుంచి వంటింట్ల సింకు కింద గోడ అడుగున పిడికిలి పట్టేంత బొక్క. పొద్దున లేస్తే నేల మీద మట్టి కుప్ప. బియ్యం బస్తా కొరికింది, ఇన్వర్టర్ వైరు కొరికింది. రాత్రి పదకొండు కాంగనే పెంకుల కింద పరుగుపందెం మొదలు. ఇది చాలదన్నట్టు దర్వాజ చౌకటుకు ఎడమ దిక్కు పెన్సిల్ మందం మట్టి గీత కింద నుంచి పైకి పాకింది. చెదలు.

బొక్కను సిమెంటుతో మూసిన. రెండు వారాలకు దాని పక్కనే ఇంకోటి తవ్వింది. తాపీ పనాయన "లోపల బయట మూడు ఫీట్ల దాక సిమెంటు కొట్టేద్దాం సార్, 60 వేలు" అంటడు. పురుగుల మందు కొట్టే కంపెనీ ఆయన వచ్చి గోడను వేలితో గీకి చూసి "మట్టి గోడకు గ్యారంటీ ఇయ్యం" అని పోయిండు. నా భార్య "కూలగొట్టి స్లాబు వేయి" అంటది. అక్కడ ఉండేది మా అత్తమ్మ, ఆమెకు ఎలుకల కంటే వాటి ఎనక వచ్చే పాముల భయం.

నేను అడిగేది ఒక్కటే. మట్టి గోడ అంటే ఎలుకలు తప్పవా? అసొంటి ఇండ్లల్ల ఉన్నోళ్లు చెప్పున్రి. "ఫ్లాట్ కొనుక్కో" అనేటోళ్లు ఈ ఒక్కసారికి ఆగున్రి.

రెండోఅంతస్తు
ఫ్లాట్ కొనుక్కోండి.

సారీ, ఆగలేకపోయా.

బల్లి_బాబాయ్
కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం. ఎలుకే గోడను తవ్వి ఓనర్‌ను పట్టడం ఇదే మొదటిసారి.

పేడపూత
మన పెద్దలు ఊరకనే పేడతో అలికారా? వారానికోసారి ఆవు పేడతో గోడలు, నేల అలకండి. పురుగు, పుట్ర, ఎలుక ఏదీ రాదు. సిమెంటు వచ్చాకే ఈ దరిద్రాలన్నీ.

పెంకుటిల్లు
నేను పుట్టి పెరిగింది జనగామ దిక్కు మట్టింట్లనే, పెండ్లయ్యేదాక. ఎలుకలు లేవని ఎవరన్న అంటే నమ్మకున్రి. ఉండేవి. మస్తుగ ఉండేవి. కాకపోతే మా నాయనమ్మ వాటికి తిండి దొరకనియ్యకపోయేది. వడ్లు గుమ్మిల, పప్పులు కుండలల్ల, కుండ మీద మూకుడు, మూకుడు మీద రాయి. రాత్రి గిన్నె కడగకుండ పడుకున్న కోడలు ఆ ఇంట్ల లేదు.

బొక్క పడితే పగిలిన సీసా పెంకులు, గాజు ముక్కలు మట్టిల కలిపి లోపటి దాక కూరి, మీద మట్టి మెత్తి సున్నం పూసేది. మల్ల అదే బొక్కల నుంచి వచ్చుడు నేను చూడలె. పక్కన తవ్వేది గని ఆ బొక్క ముట్టకపోయేది.

@పేడపూత అలుకుడు మంచిదే, నేల దుమ్ము లేవకుండ ఉంటది. ఎలుక మాత్రం పేడకు భయపడదు నాయనా. మా పిడకల కుప్ప కిందనే పిల్లలు పెట్టేది.

దిమ్మిస
మట్టిండ్లు కట్టించడం నా పని, పన్నెండేళ్లుగా. పోస్టు చదివితే మీ ఇంట్లో ఒకటి కాదు, రెండు రకాలున్నాయనిపిస్తోంది. పెంకుల కింద పరిగెత్తేది ఇంటి ఎలుక. అది ఎక్కుతుంది, దూకుతుంది, తీగ మీద కూడా నడుస్తుంది, గోడ అడుగు తవ్వడం మాత్రం దానికి పెద్ద అలవాటు లేదు. కింద పిడికిలి బొక్క పెట్టి మట్టి బయటికి తోసేది పందికొక్కు. అది పైకి ఎక్కే రకం కాదు. దేని మందు దానికే, కలిపితే డబ్బు దండగ.

ఒక మూడు సంగతులు చూసి చెప్పండి.

సింకు వెనక, గోడకు బయటి వైపు కొత్తగా తవ్విన మట్టి కుప్ప ఉందా? నేల మీద పడిన పెంటికలు ఎంత పొడవు? చిట్టెలుకవి జీలకర్ర గింజంత, ఇంటి ఎలుకవి సుమారు అర అంగుళం, పందికొక్కువి ఇంకా పెద్దవి. ఆ గోడ అడుగున చెయ్యి పెడితే చల్లగా, మెత్తగా ఉందా?

మూడోదే నాకు ముఖ్యం.

తెనాలి_టు_కూకట్‌పల్లి
మా వైపు పొలాల్లో తాటాకు బుట్టలు పెట్టి పట్టేవాళ్లు. ఇంట్లోకి ఇనప బోను చాలు. అందులో ఎరగా టమాటా ముక్క పెట్టి "పడలేదండీ" అంటారు చూడండి, నవ్వొస్తుంది. కొబ్బరి ముక్క నిప్పుల మీద కాల్చి పెట్టండి, లేదా ఎండు చేప. వాసన దాన్ని లాక్కుని రావాలి.

ఇంకో కిటుకు. ఎలుక కొత్త వస్తువుని అనుమానిస్తుంది. బోను తెచ్చిన రోజే బిగించొద్దు. మూడు నాలుగు రాత్రులు తలుపు కట్టేసి తెరిచి ఉంచి, ఎర మాత్రం పెడుతూ ఉండండి. తినడం అలవాటయ్యాక అయిదో రాత్రి బిగించండి. గది మధ్యలో కాదు, గోడ వారగా. అది గోడకు మీసాలు రాసుకుంటూ నడుస్తుంది.

రెండోఅంతస్తు
పెళ్లిచూపుల్లా ఉందే. నాలుగు రోజులు భోజనం పెట్టి అయిదో రోజు తలుపేయడం.

నల్లకుంట_నరసింహ
బోను, బుట్ట ఎందుకన్నా. దుకాణంల పేస్టు దొరుకుతది, పది రూపాయల బిస్కెట్‌కు రాసి పెడితే తెల్లారేసరికి సాఫ్.

వెట్_వనస్థలి
@నల్లకుంట_నరసింహ దయచేసి ఆ సలహా ఇవ్వకండి. మీరు చెప్పే పేస్టుల్లో పసుపు భాస్వరం ఉండేవి ఉన్నాయి. దానికి విరుగుడు లేదు, తిన్నవాళ్ల కాలేయం పాడవుతుంది. బిస్కెట్‌కు రాసి నేల మీద పెడితే ముందు తినేది ఎలుకా, పసిపిల్లా ఎవరు చెప్పగలరు? నల్లటి పొడిలా దొరికే జింకు ఫాస్ఫైడు కూడా అంతే, కడుపులోకి పోగానే ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది. దానికీ విరుగుడు లేదు.

బ్రోమాడియోలోన్ బిళ్లలు (0.005 శాతం) కొంచెం మెరుగు. రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి, ఎలుక నాలుగైదు రోజులకు చస్తుంది. పెంపుడు కుక్క పొరపాటున తింటే విటమిన్ కె1తో కాపాడే అవకాశం ఉంది. మొయినాబాద్ ఫామ్‌హౌస్ నుంచి ఒక కుక్కను అట్లాగే తెచ్చారు, మూడు వారాలు మందు వాడితే బతికింది. కానీ ఆ నాలుగైదు రోజుల్లో మందు తిన్న ఎలుకను పిల్లి తిన్నా, గుడ్లగూబ తిన్నా వాటికీ ముప్పే. మీకు ఉచితంగా ఎలుకల్ని పట్టేవి అవే కదా.

శంకర్‌పల్లి_వారాంతం
మందు పెట్టేది లేదు. పోయినేడు ఒకసారి పెట్టిన. ఎలుక గోడల లోపలనే చచ్చింది. పది రోజులు వాసన. ఎక్కడుందో తెల్వక అటక మీది సామానంత దింపినం, ఆఖరికి చౌకటు ఎనక దొరికింది. మా అత్తమ్మ పది రోజులు బయట చెట్టు కిందనే వండింది.

@దిమ్మిస అన్నా, ఈ శనివారం పోయి చూసి చెప్త.

డెక్కన్_నీడ
ఎలుకల బోను సరే, గమ్ అట్టలు మాత్రం పెట్టొద్దు. అది చావదు, రాత్రంతా అరుస్తూ ఉంటది. పొద్దున దాన్ని ఏం చేయాల్నో మీకు తెల్వదు.

పెంకుటిల్లు
అవును బిడ్డా. మా పక్కింటోళ్లు పెడితే తొండ అతుక్కున్నది, తెల్లారి ఒక పిచ్చుక. ఎలుక మాత్రం అట్ట పక్క నుంచి పోయింది. నూనె రాసి ఆ పిచ్చుకను ఊడదీయడానికి గంట పట్టింది.

తెనాలి_టు_కూకట్‌పల్లి
నేను ఫ్లాట్‌లో గమ్ అట్టే వాడతా. చిట్టెలుకకు అదే పనిచేస్తుంది. అందరికీ ఫామ్‌హౌసులు, జీవకారుణ్యం ఉండవు అండీ. పసిపిల్ల ఉన్న ఇంట్లో చిట్టెలుక ఉయ్యాల ఎక్కితే అప్పుడు తెలుస్తుంది.

డెక్కన్_నీడ
ఉయ్యాల ఎక్కకుండా చేయాలంటే అది వచ్చే సందు మూయాలె. చిట్టెలుకకు పావు అంగుళం సందు చాలు, పెన్సిల్ దూరితే అదీ దూరుతది. ఎలుకకు అర అంగుళం. అట్ట మీద ఒకటి పడితే దాని జాగలకు ఇంకోటి వస్తది. మూడు వారాలకు ఒక ఈత, ఈతకు ఆరేడు పిల్లలు.

రెండోఅంతస్తు
ఈ లెక్కన మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కంటే అవే త్వరగా మెజారిటీకి వస్తాయి.

ఉప్పల్_ఉల్లిగడ్డ
నిన్న ఒక వీడియో చూసిన. మట్టి గోడల పగుళ్లలో ఉండి రాత్రి మూతి మీద కుట్టే నల్లిలాంటి పురుగు, గుండె జబ్బు వస్తదంట. అన్నా, వెంటనే ఖాళీ చేయున్రి.

మైక్రోస్కోప్
అది షాగస్ వ్యాధి. మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా ఉన్న పల్లెల సమస్య. అక్కడి పచ్చి ఇటుక గోడల పగుళ్లలో, గడ్డి కప్పుల్లో ఆ పురుగు కాపురముంటుంది. శంకర్‌పల్లి గోడకు ఆ భయం పెట్టకండి.

మన దగ్గర మట్టి గోడ పగుళ్ల గురించి నిజంగా పట్టించుకోవాల్సింది ఇసుక ఈగను. దోమలో మూడో వంతు ఉంటుంది, సరిగా ఎగరలేదు, గంతులేస్తూ పోతుంది. గోడ పగుళ్లలో, పశువుల కొట్టంలో, తడి, పేడ, చీకటి ఉన్నచోట గుడ్లు పెడుతుంది. బిహార్‌లో కాలా అజార్ అనే జ్వరం దాని వల్లే. అక్కడ మందు గోడకు ఆరడుగుల ఎత్తు దాకానే కొడతారు, ఎందుకంటే అది అంతకంటే పైకి పెద్దగా పోదు.

మన దగ్గర కాలా అజార్ లేదు. కానీ 2003 వానాకాలం గుర్తున్నవాళ్లు ఉంటారు. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, ఎక్కువగా వరంగల్, కరీంనగర్ వైపు, పిల్లలకు మెదడు వాపు వచ్చింది. 329 మంది పిల్లలకు సోకితే 183 మంది చనిపోయారు. చండీపుర వైరస్ అని తేల్చారు. 1965లో నాగపూర్ దగ్గరి ఊళ్లో మొదట దొరికింది కాబట్టి ఆ పేరు. దాన్ని మోసేది ఇసుక ఈగే అని అనుమానం. 2024లో గుజరాత్‌లో మళ్లీ వచ్చింది.

భయపెట్టడానికి చెప్పట్లేదు. గోడ పగుళ్లు పూడ్చడం ఎలుక కోసమే కాదు అంటున్నా. ఇంట్లో చిన్నపిల్లలు పడుకుంటే సన్న కన్నాల దోమతెర వాడండి. మామూలు తెర కన్నాల్లోంచి ఇసుక ఈగ దూరిపోతుంది.

పేడపూత
పేడలో క్రిమిసంహారక గుణం ఉంది కదా, మరి పేడ దగ్గర గుడ్లెలా పెడుతుంది?

మైక్రోస్కోప్
పెడుతుంది. దాని పిల్ల పురుగులు తినేదే కుళ్లిన సేంద్రియ పదార్థం. చెదలు కూడా ఎండు పేడ తింటాయి. పొలంలో పేడకడి తిరగేసి చూడండి.

పేడపూత
మా తాతగారింట్లో ఎప్పుడూ చెదలు రాలేదు.

పెంకుటిల్లు
మీ తాతగారింట్ల దూలాలు టేకువా?

పేడపూత
అవును, పాత టేకు.

పెంకుటిల్లు
మరి పుణ్యం టేకుది. పేడది కాదు.

శంకర్‌పల్లి_వారాంతం
చూసి వచ్చిన. @దిమ్మిస నువ్వు చెప్పింది చెప్పినట్టు ఉంది. సింకు ఎనక బయట పొదల చాటున తట్టెడు మట్టి కుప్ప. పెంటికలు రెండు సైజులు. గోడ అడుగున చెయ్యి పెడితే చల్లగ, వేలు దిగుతుంది. నేను అది వాన చెమ్మ అనుకున్న. మూడు వారాలుగ అటు వానలే లేవు.

ఇంకోటి, తెనాలి అన్న చెప్పినట్టు బోను తెరిచి పెట్టినం. మా అత్తమ్మకు ఓపిక లేక మొదటి రాత్రే బిగించింది. పడింది. పొడుగు మూతి, చిన్న కండ్లు, కంపు. సుంచు.

బల్లి_బాబాయ్
అమాయకుడు అరెస్టు.

డెక్కన్_నీడ
విడిచిపెట్టున్రి దాన్ని. సుంచు ఎలుక జాతే కాదు. బొద్దింకలు, జెర్రులు, పురుగులు తింటది. కంపు ఒక్కటే దాని తప్పు.

దిమ్మిస
అయితే దొంగ దొరికింది. సింకు నీళ్లు బయటికి పోయే పైపు గోడలోంచి వేశారు కదూ? లోపల ఎక్కడో జాయింటు కారుతోంది. మట్టి గోడ పొడిగా ఉంటే రాయిలా ఉంటుంది, పందికొక్కుకు కూడా పళ్లు నొప్పి పుడతాయి. తడిస్తే అది గోడ కాదు, పొలం గట్టు. చెదలకు కూడా తడి కావాలి. మీ చౌకటు ఆ సింకు గోడకు ఎంత దూరం?

శంకర్‌పల్లి_వారాంతం
నాలుగు ఫీట్లు.

దిమ్మిస
చెప్పానా. ఎలుకలు, చెదలు అని రెండు రోగాలు రాశారు, రెంటికీ మూలం ఒక్క పైపు.

ఇప్పుడు సిమెంటు సంగతి. మీ తాపీ ఆయన్ని తిట్టను, ఆయన నేర్చుకున్నది అదే. మట్టి గోడ రోజూ కొంచెం చెమ్మ పీల్చి వదులుతుంది. మీద సిమెంటు పూస్తే అది గట్టి పెంకు, గోడతో కలవదు. పెంకుకీ గోడకీ మధ్య సన్న సందు పడుతుంది. కింది నుంచి వచ్చిన చెమ్మ బయటికి పోలేక అక్కడే నిలుస్తుంది, వెనక మట్టి పొడి అవుతుంది. రెండేళ్లకు సిమెంటు మీద తట్టి చూస్తే డొల్ల శబ్దం. ఆ డొల్లలో ఎలుకకు ఎండ లేదు, వాన లేదు, పిల్లి లేదు. మీరు మూసిన బొక్క పక్కనే రెండోది పడింది కదా, అందుకే. 60 వేలిచ్చి మీరే వాటికి సొరంగం కట్టిస్తున్నారు.

చేయాల్సింది. ముందు సింకు పైపు గోడలోంచి తీసేయండి. నేల మీదుగా, కనపడేట్టు, బయట ఇంకుడు గుంత దాకా తీసుకెళ్లండి, గుంత గోడకు కనీసం పదడుగుల దూరంలో ఉండాలి. గోడ పూర్తిగా ఆరనివ్వండి. అది నెల పట్టినా సరే.

ఆరాక మెత్తబడిన మట్టి గీకి తీసేసి, పెంకుటిల్లు అమ్మ చెప్పినట్టే గాజు పెంకులు కలిపిన మట్టి కూరండి. ఆమె చెప్పింది పాతకాలం మాట కాదు, నేను ఈరోజుకీ చేసే పని. దాని మీద పావు అంగుళం కన్నాల జీఐ (జింకు పూత పూసిన ఇనప) వెల్డు జాలి, నేల నుంచి రెండడుగులు పైకి. అదే జాలిని బయటివైపు రెండడుగులు భూమిలోకి దించి, అడుగున ఒక అడుగు బయటికి వంచండి, ఎల్ అక్షరంలా. పందికొక్కు గోడ వారనే తవ్వుకుంటూ దిగుతుంది, జాలి తగిలితే వెనక్కి జరిగి మళ్లీ తవ్వాలన్న తెలివి దానికి తక్కువ. జాలి మీద సున్నం గచ్చు: నానబెట్టిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు, రెండు పూతలు. సున్నం గోడను ఊపిరి తీసుకోనిస్తుంది.

కొత్తగా కట్టేవాళ్లకు ఒక మాట. పునాది రాయి మీద, మట్టి గోడ మొదలయ్యే చోట తాండూరు బండ వరస వేసి రెండు మూడు అంగుళాలు బయటికి వదలండి. చెదలు ఆ అంచు తిరిగి రావాలంటే దారి బయట పడుతుంది, మీ కంటికి కనపడుతుంది. ఎలుకకూ ఎక్కడం కష్టం.

నల్లకుంట_నరసింహ
ఇంత చేసుడు కంటే ఇటుక గోడ కట్టుకుంటే అయిపోవు కదా. ఊరికే అడుగుతున్న.

దిమ్మిస
నిజాయితీగా చెప్పాలంటే, మీ మాటలో కొంత నిజం ఉంది. మట్టి గోడ కాంక్రీటు కంటే మెత్తనే. దాన్ని చూసుకుంటూ ఉండాలి. ఏడాదికోసారి వానలకు ముందు ఇంటి చుట్టూ ఒక రౌండు తిరిగి పగుళ్లు పూడ్చే ఓపిక లేనివాళ్లకు నేనే మట్టిల్లు వద్దంటాను. వారాంతం ఇళ్లకు ఇదే అసలు చిక్కు. ఐదు రోజులు మనిషి అలికిడి తక్కువ, రెండు రోజులు బిర్యానీ మిగులు ఉంటుంది.

శంకర్‌పల్లి_వారాంతం
ఆ బిర్యానీ మాట మా ఇంట్ల చదివి వినిపించిన. నిశ్శబ్దం.

బల్లి_బాబాయ్
గూగుల్ చేస్తే "ర్యాట్ ట్రాప్ బాండ్" గోడ అని వచ్చింది. అందులో ఎలుకలు వాటంతట అవే పడతాయా? అయితే అదే కట్టించండి.

దిమ్మిస
హహ. పడవు బాబాయ్. ఇటుకల్ని పక్కకు నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి కట్టే పద్ధతి అది. కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ బాగా ప్రచారంలోకి తెచ్చారు. నాలుగో వంతు ఇటుక మిగులుతుంది, వేడి తగ్గుతుంది. పైనుంచి చూస్తే ఆ ఖాళీలు ఎలుక బోనుల్లా కనపడతాయని ఆ పేరు. చివర్లు మూయకపోతే బోను కాదు, ఎలుకలకు లాడ్జి.

రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ వాళ్ల గ్రామీణ సాంకేతిక పార్కులో మట్టి ఇటుకల ఇళ్ల నమూనాలు నిలబెట్టి ఉన్నాయి. కట్టే ముందు పోయి గోడ అడుగులు చూసి రండి.

డెక్కన్_నీడ
అదే రాజేంద్రనగర్‌ల ఎన్‌ఐపీహెచ్‌ఎం అని మొక్కల ఆరోగ్యం మీద కేంద్ర సంస్థ ఉంది. ఎలుకల నివారణ మీద ట్రైనింగులు పెడతరు. అది పొలాల కోసమే గని పందికొక్కు పొలంల ఒకటి, ఇంట్ల ఒకటి కాదు కదా.

మధురానగర్_మేడ
చెదల సంగతి ఎవరూ పూర్తి చేయలేదు. మా పాత ఇంటికి చేయించాం. గోడ అడుగున అడుగుకో రంధ్రం, ఏటవాలుగా కిందికి, అందులోకి ఇమిడాక్లోప్రిడ్ అనే చెదల మందు కలిపిన నీళ్లు పోశారు. లీటరుకు 2.1 మిల్లీలీటర్లు అని సీసా మీదే ఉంది. అది 30.5 శాతం మందుకు లెక్క. మా దగ్గరికి వచ్చినవాడు కళ్లతో కొలిచి పోస్తుంటే కొలత పాత్ర తెచ్చి చేతిలో పెట్టాను.

దిమ్మిస
పద్ధతి అదే, భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వాళ్ల ఐఎస్ 6313 మూడో భాగంలో, ఇప్పటికే కట్టేసిన ఇంటికి చెప్పింది కూడా దాదాపు అంతే. మట్టి గోడలో మాత్రం రంధ్రం పునాది రాయి మట్టంలో వేయాలి, మట్టిలో కాదు. మట్టిలో పోస్తే లీటర్లకు లీటర్లు తాగి మెత్తబడుతుంది. బోరు దగ్గర ఉంటే ఆ వైపు పోయించొద్దు.

ముందు ఆ మట్టి గీతను మధ్యలో రెండంగుళాలు గీకి వదిలేయండి. నాలుగు రోజుల్లో మళ్లీ అతికించుకుంటే చెదలు బతికున్నాయి. లేకపోతే పాత దారి, ఊరికే కంగారు పడొద్దు.

తెనాలి_టు_కూకట్‌పల్లి
మా వైపు దూలాలకు జీడి నూనె పూసేవాళ్లు, నల్లగా అవుతాయి కానీ చెద ముట్టదు. చేతులకు పడకుండా చూసుకోవాలి, ఒళ్లు పొక్కుతుంది. కొందరు బండిలోంచి తీసేసిన పాత ఇంజనాయిల్ పూస్తారు. అది పూసిన గదిలో పడుకుంటే గ్యారేజీలో పడుకున్నట్టే.

వికారాబాద్_వాన
అత్తమ్మగారి పాముల భయం సంగతి మర్చిపోయారు. అది వట్టి భయం కాదు. చీమలు పెట్టిన పుట్టలోకి పాము వచ్చినట్టే పందికొక్కు తవ్విన బొక్కలోకీ వస్తుంది. మాకు అట్లనే వచ్చింది. జెర్రిపోతు, ఏడడుగులుంది. దానికి విషం లేదు, ఎలుకల కోసమే తిరుగుతది. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లకు ఫోన్ చేస్తే మనిషి వచ్చి సంచిలో వేసుకుని పోయిండు, అరగంట పని.

భయపడాల్సింది కట్లపాముకు. రాత్రే తిరుగుతది, నేల మీద పడుకున్నోళ్లనే ఎక్కువ కరుస్తది. నొప్పి పెద్దగా ఉండదు, దోమ కుట్టిందనుకుంటరు. అత్తమ్మను మంచం మీద పడుకొమ్మనండి, దోమతెర అంచులు పరుపు కిందికి మడవాలె. ఏదన్న కరిచిందని అనుమానమొస్తే పసరు, మంత్రం వద్దు, యాంటీవీనమ్ ఉన్న ఆస్పత్రికే.

పెంకుటిల్లు
మంచం కాళ్లకు దూరంగ చెప్పులు పెట్టుకొమ్మని గూడ చెప్పున్రి. తొడిగే ముందు దులుపుకోవాలె. తేలు దాంట్లనే దాక్కుంటది. నాకు పదేండ్లప్పుడు కుట్టింది, ఇప్పటికీ చెప్పు దులపకుండ తొడగను, ఉప్పల్ ఫ్లాట్‌ల గూడ.

రెండోఅంతస్తు
అందరూ నవ్వుకోండి, ఇక ఒప్పుకుంటున్నా. ఇవాళ మా సెల్లార్‌లో కారు స్టార్ట్ కాలేదు. మెకానిక్ బానెట్ ఎత్తి చూస్తే వైర్లు కొరికేసి ఉన్నాయి, ఇంజను మీద సగం తిన్న రొట్టె ముక్క. బిల్లు 14 వేలు. వాచ్‌మన్ చెప్పాడు, చెత్త డబ్బాల వెనక పందికొక్కులు ఎప్పట్నుంచో ఉన్నాయట. కాంక్రీటు స్లాబు కిందే.

శంకర్‌పల్లి_వారాంతం
ఫ్లాట్ కొనుక్కో అన్నా.

సారీ, నాకు గూడ ఆగలె.

బల్లి_బాబాయ్
ఈ ఒక్క పోస్టు కోసం రెండు పేజీలు చదివినా తప్పులేదు.

శంకర్‌పల్లి_వారాంతం
రెండు నెలల తర్వాత వస్తున్న, అడిగినోళ్ల కోసం రాస్తున్న.

పైపు తవ్వితే జాయింటు కాడ బొటనవేలు పట్టే పగులు. కొత్త పైపు గోడ మీదికెల్లి బయట గుంతకు వేయించిన. గోడ ఆరడానికి 40 రోజులు పట్టింది, అన్ని రోజులు అత్తమ్మ గిన్నెలు బయట కడిగింది. సిమెంటు మాసిక తీస్తే ఎనక అరచేయి పట్టే ఖాళీ, దాంట్ల చింపిన ప్లాస్టిక్ కవర్లు, గడ్డి, నా పాత సాక్సు. తాపీ ఆయనను పిలిచి చూపిచ్చిన. చాలాసేపు చూసి "సరే సార్, సున్నమే కొడుదాం" అన్నడు. సున్నం నానబెట్టుడు ఆయనకు నేనే నేర్పిన, అంటే దిమ్మిస అన్న పోస్టు చదివి వినిపిచ్చిన. జాలి, సున్నం, కూలీ అన్ని కలిపి 38 వేలయింది.

పందికొక్కు బొక్క మల్ల పడలె. బయట జాలి కాడ ఒకసారి తవ్వి వదిలేసిన గుర్తు ఉంది. చెదల గీత గీకినంక రాలె, మందు కొట్టియ్యలె. ఇంకో రూములో కిటికీ కాడ మాత్రం సన్న గీత కొత్తగ కనపడ్డది. దాని సంగతి చూడాలె.

పైన పరుగుపందెం మాత్రం బంద్ కాలె. చూరు కింద జాలి కొట్టినం, పెంకుల మీదికి వంగిన వేప కొమ్మ కొట్టేసినం. బోనుల రెండు పడ్డయి, కాల్చిన కొబ్బరితోని. ఇంకా ఒకటో రెండో ఉన్నయి లోపల.

దిమ్మిస
చూరు జాలి మొత్తం మూసేశారా? లోపలున్నవి ఇక బయటికి పోలేవు, ఆకలికి వంటింట్లోకి దిగుతాయి. ఒక మూల జానెడు వదిలి, అక్కడే బోను పెట్టండి. రెండు వారాలు ఏదీ పడకపోతే అప్పుడు మూయండి. కిటికీ గీత ఫొటో పెట్టండి, ఆ కిటికీ పైన పెంకు జారి ఉంటుంది, చూడండి.

శంకర్‌పల్లి_వారాంతం
అవునే, ఆ మూల పెంకు పగిలింది, బంతి పడి. రేపే మారుస్త.

అన్నట్టు అత్తమ్మ పిల్లిని తెచ్చింది. దానికి పాలు, ఎండు చేపలు. పగలంత పండుకుంటది, రాత్రి గూడ పండుకుంటది. నిన్న ఎలుక దాని ముంగట నుంచే పోయిందంట, ఒక కన్ను తెరిచి చూసి మల్ల మూసింది.

రెండోఅంతస్తు
ఆ బోను పని అయిపోయాక అప్పిస్తారా? మా సెల్లార్‌కి కావాలి. కొబ్బరి నేనే కాలుస్తా.

శంకర్‌పల్లి_వారాంతం
ఇస్త. షరతు ఒక్కటే, పిల్లిని గూడ తీస్కపోవాలె.